ఇంకొక్క పాలసీ

మా బావ మిక్సీ కొనడానికే నెల తీసుకునే మనిషి. బస్సు డిపోలో టైంటేబుళ్లు వేసే ఉద్యోగం కదా, ఇంట్లో కూడా ప్రతిదానికీ గళ్లు గీయందే ఆయనకి నిద్రపట్టదు. అలాంటివాడి చేతిలో పడింది అక్క ప్రాణం.

అక్కకి కుడి చంకలో గడ్డ కనిపించింది. నొప్పి లేదు, కానీ పెరుగుతోంది. మా ఇద్దరిదీ కర్టెన్ల కొట్టు. నిచ్చెనెక్కి రాడ్లు బిగించడం ఎప్పుడూ తన పనే, నన్ను ఎక్కనిచ్చేది కాదు. ఇప్పుడు చెయ్యెత్తితే అడ్డొస్తోందని కింద నిలబడి నాకు కొక్కేలు అందిస్తోంది. డాక్టర్‌కి చూపిద్దామంటే మొగుడూ పెళ్లాలిద్దరిదీ ఒకటే పాట. ముందు క్యాన్సర్ ఇన్సూరెన్స్ తీసుకోవాలట, డాక్టర్ కాగితం మీద పెట్టాడంటే ఇక ఏ కంపెనీ మన మొహం చూడదట.

సరే, ఏదో ఒకటి తీసుకుని తగలడండి అన్నాను. తీసుకుంటేగా. ఒకదాంట్లో కీమోకి డబ్బిస్తారు, తర్వాత చేయించుకునే పరీక్షలకివ్వరు. ఇంకోదాంట్లో పరీక్షలకిస్తారు, కొత్తరకం మందులకివ్వరు. మరోదాంట్లో అన్నీ ఉన్నాయి, జుట్టు ఊడితే విగ్గుకి మాత్రం లేదు. వాళ్లింట్లో టేబుల్ నిండా కాగితాలే, కంచాలు ఒళ్లో పెట్టుకుని తినాల్సి వస్తోంది. బావ చదువుతాడు, అక్క వింటుంది, ఎక్కడో ఓ లోపం బయటపడుతుంది, మర్నాడు ఇంకో కంపెనీ. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఏంటో కళ్లారా చూశాను. ఆ విగ్గు మాటకైతే నాకు ఒళ్లు మండిపోయింది. మనిషంటూ ఉంటే కదా జుట్టు సంగతి.

ఇక లాభం లేదని కొట్లోంచి నేనే ఒక కంపెనీకి ఫోన్ చేశాను. పేరు చెప్పకుండా అడిగాను. అవతలి అమ్మాయి మర్యాదగానే ఒక్క ముక్కలో తేల్చేసింది. గడ్డ ఉందని తెలిశాక తీసుకునే పాలసీ ఆ గడ్డకి పనికిరాదట, డాక్టర్‌కి చూపించినా చూపించకపోయినా. తెలిసి దాస్తే పాలసీయే రద్దు చేస్తారట.

కత్తెర బల్ల మీద పడేసి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. బావ బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాడు. పెద్దా చిన్నా చూడకుండా కడిగేశాను. ఆయన తడి చొక్కా చేత్తో పట్టుకుని చివరిదాకా విన్నాడు.

"నాకు మొదటి వారమే తెలుసు," అన్నాడు.

తెలిసి కూడా ఈ గళ్లెందుకు గీస్తున్నావని అరిచాను. తెలిసిన రోజే అక్కకి చెప్పాడట. ఆ కంపెనీ కాకపోతే ఇంకోటి చూడమందట. గట్టిగా అంటే అన్నం మానేస్తోందట. ఏం చెయ్యాలో తోచక చూస్తూ పోతున్నానన్నాడు. ఆయన్ని అక్కడే వదిలి లోపలికి వెళ్లాను.

లోపల అక్క కొత్త కంపెనీ కాగితాలు ముందేసుకుని కూర్చుంది. వీటిలో ఏది తీసుకున్నా ఈ గడ్డకి పైసా రాదు, రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్దాం అన్నాను. తలెత్తలేదు. ఇదేదో కాస్త నయంగా ఉంది, ఆగు చూడనీ అంది.

"ఇంకెన్నాళ్లు చూస్తావక్కా? ఏది దొరికితే ఆపుతావు?"

"దొరక్కూడదనే చూస్తున్నా," అంది. "దొరికితే వెళ్లాలిగా."

ఇన్నాళ్లూ బావ మీద పెంచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. డాక్టర్ గదిలోకి నేనూ వస్తాను, ఆయన చెప్పేది ముందు నేను వింటాను, నువ్వు చెవులు మూసుకున్నా పర్లేదు అన్నాను.   అక్క కాగితాలు పక్కకి జరిపింది.

"రేపే వద్దు," అంది.

"రేపే," అన్నాను.