చయనులు గారి విస్తరి, నా బూరెలు

“నూనె కాగకముందే చెబుతున్నాను, ఇవాళ ఈ ఇంట్లో ఏదో ఒకటి జరక్కమానదు,” అంది పేరిందేవమ్మ, నన్ను పొయ్యి మీద పెడుతూ.

నేను ఒక బూరెల మూకుణ్ణి. ద్రాక్షారామం దగ్గర కమ్మరి ఒకడు నన్ను సుత్తితో కొట్టి కొట్టి గుంట చేశాడు. పెళ్లిళ్ల వంటవాడొకడు కొన్నాళ్లు మోశాడు. అతని దగ్గర పేరిందేవమ్మ అత్తగారు తీసుకుంది. ఆవిడ పోతూ పోతూ నన్నూ, తన భయాలన్నిటినీ కోడలికి అప్పజెప్పింది. ఆ భయాలు నాకూ అంటుకున్నాయి. బూరెలకి కన్నతల్లిలాంటిదాన్ని కదా! పైపిండి పల్చనైతే బూరె చీలుతుంది, పూర్ణం బయటికొచ్చి నూనెంతా మాడుతుంది. ప్రతి వాయికీ నాకు దడే.

పూర్ణమంటే నిండుదనం, అందుకే మావాళ్లకి బూరె లేని శుభకార్యం లేదు. ఆ శ్రావణ శుక్రవారం వ్రతానికి చయనులు గారిని భోజనానికి పిలిచారు. వయసులో ఉండగా ఆయన బూరెలు తింటుంటే పక్క ఊళ్లవాళ్లు బళ్లు కట్టుకుని వచ్చి చూసేవారట. ఇప్పుడు ఒళ్లు చిక్కింది, పేరు మాత్రం చిక్కలేదు. అదే పేరిందేవమ్మ బెంగ. పెద్దాయన, తన ఇంటి విస్తరి ముందే ప్రాణం పోతే?

ఆయనది మౌనభోజనం. ఔపోశన పట్టాక, లేచేదాకా మాట్లాడరు. విస్తట్లో మెతుకు వదలరు. ఈ ఇంట్లోనేమో అతిథి నోరు తెరిచి చాలనేదాకా వడ్డన ఆపకూడదు, అత్తగారి మాట అది. చెయ్యి అడ్డం పెడితే మర్యాదకి పెట్టినట్టు లెక్క. ఈ రెండు ఆచారాలూ ఒకే విస్తరి దగ్గర ఎదురుపడితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు.

వంటింటి గుమ్మంలోంచి నాకన్నీ కనబడుతున్నాయి. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. ఆవిడ వేళ్ల సందుల్లోంచి రెండు బూరెలు జార్చి, గుంట చేసి నెయ్యి పోసింది. తిన్నారు. రెండు చేతులూ అడ్డం పెట్టారు. చేతుల మీదే వడ్డించింది. తిన్నారు. ఈసారి విస్తరి మీదకి దాదాపు బోర్లా పడ్డారు.

“బూరెలంటే ఎంత ప్రేమో చూశావా,” అన్నాడు ఆవిడ భర్త విస్సన్న.

పూర్ణం అయిపోతే ఎదురింటివాళ్లు శనగపప్పు ఉడకేసి పంపారు. అదీ అయిపోతే పక్కింటివాళ్లు. ఒక్క బూరైనా చీలితే బాగుణ్ణని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోరుకున్నాను. దిక్కుమాలినవి, ఒక్కటీ చీలలేదు.

చివరికి వీధిలోనే పప్పు లేకుండా పోయింది. ఆయన ఆఖరి ముక్క మింగి, చెయ్యి కడుక్కుని, పడకకుర్చీలో వాలారు. మౌనం తీరింది. మాట మాత్రం రాలేదు. కళ్లు మూతపడ్డాయి. విస్సన్న విసనకర్ర అందుకున్నాడు. పప్పు ఇచ్చినవాళ్లంతా గుమ్మంలో మూగారు. పేరిందేవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఆయన కాళ్ల దగ్గర కూలబడింది.

“బాబాయి గారూ, ఒక్క మాట మాట్లాడండి. తిట్టినా సరే.”

విసనకర్ర ఊగుతూనే ఉంది. నాలో నూనె చల్లారిపోయింది.

చాలాసేపటికి చయనులు గారు ఒక కన్ను తెరిచారు.

“వచ్చే ఏడూ నన్నే పిలువు తల్లీ,” అన్నారు. “ఉప్మా చేద్దువుగాని.”