పన్నెండు తేనెపెట్టెలూ ఒక పాత కమానూ

తోట మేనేజరు మధ్యాహ్నం పన్నెండింటికి చల్లగా చెప్పాడు. పక్క తోటకు పురుగు పట్టింది. రేపు ఉదయం ఎనిమిదింటికి ఇక్కడ మందు కొట్టేస్తారు. తోట మూలనున్న తేనెపెట్టెలు ఆలోపు తీసేయాలి.

"రెండు రోజులు ఆగండి మేనేజరు గారూ," అని ఆ పెట్టెల్లో తేనెటీగలు పెంచుకునే ఆమె బతిమాలుకుంది. "పన్నెండు పెట్టెలు. నేనొక్కదాన్నే."

"నా చేతుల్లో ఉంటే ఆగనామ్మా? పైవాళ్ళ ఆర్డరు. ట్యాంకరు కూడా వచ్చేసింది."

పదేళ్ళుగా ఆ ఈగలే ఆమె బతుకుతెరువు. భర్త ఓడ మీద వంటవాడు, ఇంకో నాలుగు నెలలకుగాని రాడు. ఇంట్లో ఉండేది ఆమె, అత్తగారు. పెట్టెలు మోయడానికి వెనక పొడుగాటి డిక్కీ ఉన్న పాత కారు ఒకటుంది. దాని వెనక కమాను కట్టలు చతికిలబడి ఏడాది దాటింది. విల్లులా వంగి బరువు మోయాల్సిన ఇనప పట్టీలు చాపల్లా పరుచుకుపోయాయి. కిందటి నెల నాలుగు పెట్టెలు ఎక్కిస్తేనే టైరు బాడీకి రాసుకుని పొగలొచ్చాయి.

అద్దె వ్యాన్లవాళ్ళు ముగ్గురికి ఫోన్ చేసింది. తేనెటీగలు అనగానే ముగ్గురూ పెట్టేశారు. స్పేర్ పార్టుల కొట్టాయన నవ్వాడు. "ఈ బండికి కమాన్లా అక్కా? ఆర్డరు పెడితే ఇరవై రోజులు. అదీ వస్తే."

ఇంటికొచ్చి మెట్టు మీద కూలబడింది. అత్తగారు సంగతంతా విని కొంగు నడుముకి దోపింది.

"ఏడిస్తే పట్టీలు వంపు తిరుగుతాయా? లే, షెడ్డు తాళం తీయి."

మామగారు లారీ కమాన్ల మేస్త్రి. ఆయన పోయి ఆరేళ్ళయినా సమ్మెట, రైలుపట్టా ముక్కలు షెడ్డులోనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు ఆయన పక్కనే కూచుని కొలిమితిత్తి ఊదింది అత్తగారు.

"మీకు ఆ పని వచ్చా అత్తయ్యా?"

"రాదు. ఎలా కొట్టకూడదో మాత్రం తెలుసు. ఆయన్ని తిట్టడానికైనా తెలియాలిగా."

కారు వెనక భాగం పైకి లేపి, ఛాసిస్ కింద దిమ్మలు పెట్టారు. ఇరుసు కింద జాకీ పెట్టారు. కమాన్లని ఇరుసుకి బిగించే యూ బోల్టుల నట్లు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. కిరోసిన్ పోసి, పానాకి ఇనప గొట్టం తొడిగి, ఇద్దరూ దాని మీద వేలాడితే ఒక్కొక్కటే కీచుమంటూ కదిలాయి. రెండువైపులా చివరి నట్టు వదిలేసరికి ఆమె అరచేతుల తోలు లేచింది, టైము నాలుగున్నర.

కట్ట విప్పేముందు అత్తగారు రెండువైపులా క్లాంపులు బిగించింది. "ఊరికే విప్పావంటే పట్టీలు ఎగిరి మొహం పగలగొడతాయి," అంది. తర్వాత సుద్దముక్క తీసుకుని నేల మీద ఒక వంపు గీసింది. చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. "పట్టీ దీని మీద పెడితే గీత కనబడకూడదు. అంతవరకూ కొట్టాలి."

ఎడంగా పెట్టిన రెండు రైలుపట్టా ముక్కల మీద పట్టీని వెల్లకిలా ఆనించి, పైనుంచి కొట్టాలి. ఒకచోటే కొట్టకూడదు, దెబ్బ దెబ్బకీ వేలెడు జరపాలి. జరపడం అత్తగారి వంతు, కొట్టడం కోడలి వంతు. ఎడమ కట్ట నాలుగు పట్టీలూ గీత మీద సరిగ్గా కూచునేసరికి ఆరయింది. కోడలి భుజాలు ఊడిపడుతున్నట్టున్నాయి. కానీ మొదటిసారి కాస్త ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యమే తొందరపెట్టింది. చీకటి పడేలోగా తోటకు వెళ్ళి, ఈగలన్నీ గూళ్ళకు చేరాక పెట్టెల గుమ్మాలకు వల బిగించాలి. కుడి కట్టలో పెద్ద పట్టీ ఎత్తుకుంది. రెండు చివరలా కన్నాలుండి, ఇరుసుని బండికి పట్టి ఉంచేది అదే.

"మెల్లిగా అమ్మాయ్. ఇనుము పాతది."

"టైము లేదు అత్తయ్యా."

మూడు దెబ్బలు ఒకేచోట పడ్డాయి. మూడోదానికి చప్పుడు మారింది. గంటలా మోగాల్సింది పెంకులా పలికింది. తిప్పి చూస్తే పట్టీ వెడల్పులో సగందాకా వెంట్రుకంత బీట.

ఆమె సమ్మెట వదిలేసి నేల మీద చతికిలబడింది. తిడుతుందనుకున్న అత్తగారు వంగి బీట మీద వేలు రాసి చూసింది. 

తర్వాత ముసలావిడ అంది: "రెండో పట్టీ దాని కిందికి జరుపు. బీటకి రెండు పక్కలా క్లాంపు వేద్దాం. బరువు దాని మీద పడకుండా ఇరుసు మీద చెక్క దిమ్మ పెట్టి కడదాం. స్ప్రింగు ఉండదు. బండి ఎడ్లబండిలా కొడుతుంది. వెళుతుందా అంటే వెళుతుంది."

చీకటి పడ్డాక తోటకెళ్ళి పన్నెండు గుమ్మాలకూ వలలు బిగించొచ్చి, బండి కట్టడం ముగించేసరికి అర్ధరాత్రి దాటింది. తెల్లవారుజామునే మొదటి విడతగా ఏడు పెట్టెలు ఎక్కించారు, బరువైనవి ఎడమవైపు. పెట్టెలు దించాల్సిన కొండవాలు గడ్డిభూమి ఏడు కిలోమీటర్లు. నడక వేగంతో పోనిచ్చింది. గుంత తగిలినప్పుడల్లా కుడివైపు దిమ్మ ఠప్పుమనేది, వెనక పెట్టెల్లో ఝుంకారం ఒక్కసారిగా పెరిగేది. ఆ హోరు ఆమె వెన్నులోంచి పాకేది. ఏడూ దించేసరికి ఏడైంది. వలలు తీయగానే ఈగలు బయటికొచ్చి గాలిలో తిరిగాయి. ఆగి చూసే తీరిక లేదు.

తిరుగుదారిలో ఖాళీ బండి వేగంగా పోనిచ్చింది. రెండో కిలోమీటరు దాటాక దిమ్మ నిలువునా చీలింది. క్లాంపు జారింది. బీటవారిన పట్టీ తెగి ఇరుసు వెనక్కి జరిగింది. టైరు బాడీకి కరుచుకుని కారు దారికి అడ్డంగా ఆగిపోయింది.

"నువ్వు పరిగెత్తు. బండి దగ్గర నేనుంటా," అంది అత్తగారు.

అయిదు కిలోమీటర్లు. చెప్పు తెగితే రెండోదీ విడిచేసి పరిగెత్తింది. తోట చేరేసరికి ఎనిమిదీ ఇరవై. ట్యాంకరు అవతలి వరసల్లో ఉంది, తెల్లటి తుంపర చెట్ల మీదుగా ఇటే తేలి వస్తోంది. మేనేజరు ముక్కుకి రుమాలు కట్టుకుని నిలబడ్డాడు. రెండు పెట్టెల మీద తడి గోనెసంచులు కప్పి ఉన్నాయి.

"రెండే సంచులు దొరికాయమ్మా," అన్నాడు తల దించుకుని.

చున్నీ తీసి కాలవలో ముంచి మూడో పెట్టె మీద వేసింది. మిగిలిన రెండింటికీ కప్పడానికి ఏమీ లేక, గుమ్మాలకు రెండు అరచేతులూ అడ్డం పెట్టి కూచుంది. మేనేజరు చెయ్యి పట్టుకుని లాగి తీసుకుపోయాడు. అప్పటికే కళ్ళు మండిపోతున్నాయి.

మర్నాడు మధ్యాహ్నం మూతలు తీశారు. గోనె కప్పినవి రెండూ బతికాయి. మిగతా మూడింట్లోనూ అడుగున ఈగలు దోసెడు మందాన పడి ఉన్నాయి.

"నేనే చంపాను అత్తయ్యా. మెల్లిగా అన్నారు, వినలేదు."

"మీ మామ మొదటి ఏడాది పదకొండు పట్టీలు విరిచాడు. దొడ్లో పాతిపెట్టి నాకు చెప్పలేదు. నేను మొక్కలు నాటబోతే బయటపడ్డాయి." చేట ముందుకు జరిపింది. "ఊడ్చు. నేను పట్టుకుంటా."

ఆమె ఊడ్చింది. చేట నిండినా బరువు తెలియలేదు. ఇద్దరూ మూడు పెట్టెలూ కడిగి ఎండలో బోర్లించారు.