తలూపింది కదా

దర్జీ పాదం మిషను పలక మీద లేస్తూ పడుతూ ఉంది. ఇంకా రెండు చొక్కాలకు చేతులు ఎక్కించాలి. తల ఎత్తితే ఎదురుగా మంచం, మంచం మీద భార్య. ఆసుపత్రిలో ఆమె తుంటి కీలులోకి సన్నటి గొట్టం పంపి, అంచున చిరిగిన పొరను కుట్టారు. పైకి కనబడేవి రెండు చిన్న కన్నాలే.

"నీకంటే సన్నగా కుట్టారయ్యా" అని ఇంటికొచ్చిన రోజే ఎకసెక్కమాడింది.

ఆమె ఎప్పుడూ అంతే. కాపురానికి వచ్చినప్పటి నుంచీ కాజాలు తీసేది, గుండీలు కుట్టేది, వంకలు పెట్టేది. అతని కుట్టు బాగుందని ఒక్కనాడూ అనలేదు. ఆపరేషన్ అయ్యాక గది బయట, స్ట్రెచర్ మీద ఆమె ఇంకా మత్తులో ఉన్నప్పుడు మాత్రం చెవిలో అడిగాడు: "నేను బాగా కుడతానా?" తలూపింది. ఆ సంబరం అతనికింకా తీరలేదు.

ఇంటికి పంపేటప్పుడు "కాలి మీద బరువు వెయ్యొద్దు" అన్నారు. అంతే చెప్పారు. అతను కొలత తీసుకుని, దూది కూరి, రెండు దిండ్లు కుట్టాడు. పాదానికి అటొకటి, ఇటొకటి, బిగుతుగా. పచ్చి కుట్టును కదిలిస్తే పిగిలిపోతుందని దర్జీకి ఒకరు చెప్పాలా?

"పిక్క పట్టేసిందయ్యా" అంది ఆమె. "రాయిలా ఉంది."

"కోసిన కాలు, నొప్పి పుట్టదా? కదపకు."

"నువ్వూ నీ దిండ్లూ! కాలికి ఇరుకు చొక్కా తొడిగినట్టుంది."

నవ్వాడు. దిండ్లను ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

మధ్యాహ్నం ఆమె ఉలిక్కిపడి లేవబోయింది. ఊపిరి ఆడటం లేదంది. ఆటోలో అతని భుజం మీద తల ఆనించింది. ఆసుపత్రి గుమ్మంలో దించబోతే ఆ తల పక్కకు వాలిపోయింది.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చాడు. "పిక్కలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోయింది. పాదం ఆడిస్తూ ఉండాలని చెప్పాం కదా?"

"ఎవరికి చెప్పారు బాబూ?"

"ఆవిడకే. థియేటర్లోంచి బయటికి తెచ్చినప్పుడు. తలూపింది కదా!"

చెప్పడమంటే వాళ్ళకు నోరు తెరవడమే. వినే మనిషి తెలివిలో ఉందా లేదా అన్నది వాళ్ళ పని కాదు. ఆ తలూపుడు ఎలాంటిదో దర్జీకి తెలుసు.

ఆమెకు కప్పడానికి దుప్పటి కోసం ఇంటికొచ్చాడు. వచ్చినవాడు అలవాటుగా మిషను ముందు కూలబడ్డాడు. సూది కింద గుడ్డ లేకుండానే పాదం లేచింది, పడింది, లేచింది. ఈ ఆడించడమేగా ఆమెకు కావలసింది.

మంచం మీద రెండు దిండ్లు అలాగే ఉన్నాయి. ఒక్క కుట్టు జారలేదు, వాటి మధ్య ఆమె పాదమంత ఖాళీ.