తెగిన హద్దుతాడు

యూదులు ఏ పనీ ముట్టని సబ్బాతునాడు, శనివారం పొద్దున, ప్రార్థనకు బయల్దేరిన గెత్సల్ పిండిమర దగ్గరి వంతెన మీద కాలు పెట్టి ఆగిపోయాడు. చివరి స్తంభం నుంచి తాడు తెగి మంచులో పడి ఉంది.

ఊరి చుట్టూ కట్టిన ఆ తాడే ధర్మశాస్త్రం లెక్కలో ఊరంతటినీ ఒక్క ఇల్లు చేస్తుంది. అది ఉంటేనే సబ్బాతునాడు చేత్తో ఏదైనా పట్టుకుని వీధిలో నడవచ్చు. తెగితే చేతిరుమాలు కూడా గడప దాటకూడదు. ఇరవై ఆరేళ్లుగా ప్రతి శుక్రవారం ఊరు చుట్టి దాన్ని చూసొచ్చే పని గెత్సల్‌దే. నిన్న మోకాలిలోతు మంచు. స్నానాల ఇంటి మెట్ల మీదనుంచే కళ్లు చికిలించి చూసి, "ఉన్నట్టే ఉందిలే" అనుకుని ఇంటికి పోయాడు.

ఇప్పుడు ముడి వేద్దామా అంటే, ఈరోజు ముడి వేయడమూ తప్పే.

మందిరంలో పెదాల మీద ప్రార్థన నడుస్తోంది గానీ, మనసు రొట్టెలు కాల్చి అమ్మే యాఖ్నె పొయ్యి దగ్గరే ఉంది. సబ్బాతునాడు నిప్పు వెలిగించకూడదు గనక, ప్రతి ఇంటి చోలెంట్ కుండా నిన్న సాయంత్రం నుంచి అందులోనే చిక్కుళ్లతో, మాంసంతో మగ్గుతోంది. మధ్యాహ్నం ఎవరి కుండ వాళ్లు ఇంటికి మోసుకుపోతారు. తను నోరు మూసుకుంటే, తెలియక చేసిన తప్పు వాళ్లకి అంత అంటదేమో. మరి తెలిసినవాడికి? నోరు విప్పితే ఈ చలిలో ఊరంతా చల్లటి రొట్టె కొరుక్కోవాలి. తన ఇరవై ఆరేళ్ల పేరు మంటగలుస్తుంది. ఒక ముసలాడి పరువు నిలబెట్టడానికి దేవుడు ఒక్కపూట చూసీ చూడనట్టు ఊరుకోడా అని కూడా అడిగి చూశాడు.

ధర్మగ్రంథం తోరా చదవడం అయ్యాక లేచి నిలబడ్డాడు.

"తాడు తెగింది. మర దగ్గర. నిన్న నేను అక్కడిదాకా పోలేదు."

"పోకుండా ఎలా చూశావయ్యా, కలలోనా?" అన్నాడు తోళ్ల వ్యాపారి ఫైవిష్.

ఆడవాళ్లు కూర్చునే పై వసారాలోంచి అతని భార్య, తేమ అనే ఆవిడ, గొంతు దిగింది. "తిరిగి తిరిగి కాళ్లు పడిపోయాయని నిన్న నాచేత నూనె రాయించుకున్నారు కదండీ!"

మందిరమంతా నవ్వు. మతగురువు రబ్బీ మాత్రం నవ్వలేదు. "కుండలు ఉన్నచోటే ఉండాలి" అన్నాడు.

"కుండలు కదలకూడదు, సరే. మీ కాళ్లకేం వచ్చింది?" అంది యాఖ్నె పైనుంచి. "కుండ రాకపోతే మీరే కుండ దగ్గరికి రండి. చెంచాలు మాత్రం తొమ్మిదే. కొట్టుకు చావకండి!"

జనం బిలబిలా రొట్టెల కొట్టు వైపు కదిలారు. ఆ కొట్టు ఎదురింటి గుమ్మంలో, చంటిపిల్లని ఎత్తుకుని స్లావా నిలబడి ఉంది. మొగుడు సరుకు అమ్ముకుంటూ ఊళ్లు తిరుగుతున్నాడు.

"ఏంటి బాబాయ్, అందరూ లోపలికి పోతున్నారు, కుండతో ఒక్కరూ బయటికి రారు?"

గెత్సల్ చెప్పాడు. ఆమె చేతిలోని పిల్లని చూసుకుంది. నడక రాని పిల్లని ఎత్తుకుని వీధి దాటడానికి లేదు.

"పోనీలెండి. రొట్టె ఉంది, ఉప్పుచేప ఉంది."

పాలిచ్చే తల్లి. గెత్సల్ లోపలికి వెళ్లి చేతులు చాచాడు. "పిల్లనిలా ఇచ్చి, నువ్వు పోయి తిను."

"మీకు పిల్లల్ని చూడ్డం చేతనవునా?"

"తాడుకంటే నయంగానే చూస్తాలే."

"మరి మీ కుండ?"

"మా తేమ ఉందిగా. నా వాటాకీ సరిపోయే నోరు."

ఆమె వెళ్లింది. పిల్ల అతని గడ్డం పట్టుకుని లాగుతోంది. వీధి అవతల పాట మొదలైంది. తాడు తెగకపోతే వీళ్లంతా ఒక కప్పు కింద తినేవాళ్లా, అయితే తన బద్ధకం మంచికేనా అని ఒక ఆలోచన వచ్చింది. 'తెలివి ఎక్కువైంది నీకు' అని తనని తనే గదమాయించుకున్నాడు.

స్లావా ఎర్రబడ్డ బుగ్గలతో తిరిగొచ్చింది. "ఫైవిష్ గారు చెంచా కోసం నా వెనక నిలబడ్డారు బాబాయ్!"

"తాడు చూసే పని ఇక ఎవరికిచ్చారు?"

"రబ్బీ గారు అడిగారు. ఈ మంచులో మర దాకా ఎవడు పోతాడని అందరూ గిన్నెల్లోకి చూశారు. 'అయితే పోలేదని ఒప్పుకున్నవాడే పోతాడు' అన్నారాయన."

గెత్సల్ నిద్రపోయిన పిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టి, చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. స్లావా రొట్టె, ఉప్పుచేప పెట్టింది.

"ఉల్లిపాయ కూడా ఉందా అమ్మా?"

"రెండున్నాయి బాబాయ్."

"అయితే రెండూ పెట్టు. వచ్చే శుక్రవారం మర దాకా నడవాలిగా" అన్నాడు.