పెట్టెలో రెమీ మూల

ఓడలో ఊరికి పంపే పెట్టెకు కిరాయి కొలతను బట్టే గాని బరువును బట్టి కాదు. ఈ ఒక్క ముక్క అర్థమైనవాళ్ళెవరూ డబ్బిచ్చి గాలిని పంపరు. పూరింగ్‌కు ఈ సంగతి కెనడాలోని విన్నిపెగ్‌లో దిగిన నెలలోపే అర్థమైంది. అంతకు ముందు పదిహేడేళ్ళు ఫిలిప్పీన్సులో ఇలోయిలో అనే ఊరి సంతలో ఎండుచేపల కొట్టు నడిపిన మనిషామె. గంపలో చేపకూ చేపకూ మధ్య సందు వదిలితే ఎవరి సొమ్ము పోతుందో ఆమెకు వేరొకరు చెప్పక్కర్లేదు.

ఆ లెక్కనే ఆమె ఏటా నడుమెత్తు అట్టపెట్టె నింపేది. తువ్వాలు మడతలో సబ్బు, గాజు కప్పులో చాక్లెట్లు, చాక్లెట్ల సందుల్లో విటమిను బిళ్ళలు. మూత వేశాక భర్త ఎల్మర్ దానిమీద కూర్చునేవాడు, ఆమె చుట్టూ టేపు అంటించేది. పెట్టెను ఊపితే చప్పుడు కాకూడదు. చప్పుడు చేసే పెట్టెను పంపినవాళ్ళు పిసినారులని వాళ్ళ వైపు మాట.

ఈ ఏడాది సెప్టెంబరు ఆఖరి శనివారం నాటికి పెట్టెలో ఒక్క మూల మిగిలింది. అది చెల్లెలు రెమీ వాటా. పూరింగ్ దేశం విడిచాక కొట్టు నడుపుతున్నది రెమీయే. సాయంత్రం ఆరింటికి పెట్టెలు తీసుకువెళ్ళే వ్యాను వస్తుంది. క్రిస్మస్ లోపల ఊరు చేరే ఆఖరి ఓడ ఇదే.

ఆ మూల నింపడానికే ఆలుమగలిద్దరూ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు సభ్యత్వం కార్డు పట్టుకుని గోదాంకు వెళ్ళారు. టోకుగా అమ్మే ఆ పెద్ద దుకాణాన్ని అక్కడి ఫిలిప్పీనువాళ్ళంతా గోదాం అనే అంటారు. అక్కడ ఒకటి అన్న అంకె చెల్లదు. పళ్ళ పేస్టు కావాలంటే అయిదు గొట్టాలు కొనాలి. ఆవాలు కావాలంటే డబ్బా మనవళ్ళ దాకా వస్తుంది. శనివారం నాడైతే ట్రాలీ ముందుకు పోవాలన్నా ముందువాడి దయ, వెనక్కి పోవాలన్నా వెనకవాడి దయ.

ఎల్మర్ బస్సుల తయారీ కర్మాగారంలో పనిచేస్తాడు. వారమంతా బరువులెత్తే మనిషి గనుక శనివారం నాడు ఎత్తేది ఒక్కటే, రుచి చూడమని ఒక పిల్ల ఊరికే పంచే జున్నుముక్కలు. ఒకసారి తిన్నాక టోపీ తీసి జేబులో పెట్టి, కొత్త మనిషిలా మళ్ళీ వరసలో నిలబడతాడు.

"సిగ్గుపడవయ్యా. ఆ పిల్ల నిన్ను గుర్తుపట్టింది" అంది పూరింగ్.

"గుర్తుపట్టింది కాబట్టే పెద్ద ముక్క ఇచ్చింది. కార్డు రుసుము ఏడాదికెంత? అందులో సగం జున్ను మీదే రాబట్టాను. నువ్వు లెక్కలు చెబితే నీతి, నేను చెబితే కక్కుర్తా?"

ట్రాలీలో అప్పటికే రెమీకోసం మూడు సీసాల లోషను కట్ట, పెద్ద కాఫీ సంచి, సబ్బుల మూట చేరాయి. ఏటా ఇవే. కాఫీ వరస మలుపులో పూరింగ్ బాబాయి కూతురు డెల్ఫా ఎదురైంది. డెల్ఫా కిందటి వారమే ఊరినుంచి తిరిగొచ్చింది. ఊరి కబుర్లు ఆమె దగ్గర వెచ్చగా ఉంటాయి, కాకపోతే ఒకటి కొంటే నాలుగు అంటగడుతుంది.

"అక్కా, మళ్ళీ లోషనేనా? అది పంపకపోతే రెమీ పుట్టేమీ మునగదులే" అంది డెల్ఫా ట్రాలీలోకి తొంగిచూసి.

"ఏమిటే అంటున్నావు?"

"నీకు తెలీదా? అయ్యో, నేనెందుకు చెప్పాలి." ఇలా అన్నాక డెల్ఫా చెప్పకుండా ఉన్న దాఖలా లేదు. "నువ్వు పంపిన సీసాలు కొట్లో, చేపల పక్కన బల్లమీద వరసగా పెట్టింది. పైన అట్టముక్క కూడా కట్టింది, 'కెనడా నుంచి దిగింది' అని. సబ్బులు కూడా. నేను చూస్తుండగానే ఒకావిడ రెండు కొనుక్కుపోయింది."

డెల్ఫా వెళ్ళిపోయింది. పూరింగ్ ట్రాలీ పక్కన కదలకుండా నిలబడింది. వెనకనుంచి ఎవరో గొంతు సవరించుకున్నా జరగలేదు. తర్వాత లోషను కట్ట తీసుకుని, జనంలోంచి తోసుకుంటూ పోయి, అది మొదట ఏ అరలో దొరికిందో ఆ అరలోనే తిరిగి పెట్టి వచ్చింది. ఇంకొకరైతే బిస్కట్ల మీదో టైర్ల మీదో పడేసి పోయేవారే. ఆమెకు ఎంత కోపమొచ్చినా సరుకు మాత్రం సరుకు చోటే ఉండాలి. తర్వాత సబ్బులు, ఆ తర్వాత కాఫీ. మూడుసార్లు తిరిగింది. ఎల్మర్ ఖాళీ ట్రాలీ పట్టుకుని నవ్వు ఆపుకుంటూ నిలబడ్డాడు.

"నవ్వు, నవ్వు. చెమటోడ్చి కొని పంపితే బజార్లో పెట్టి అమ్ముకుంటుందా?"

"నువ్వు దాని చోట ఉంటే అమ్మకపోదువా?"

"నేను అమ్మితే వ్యాపారం. అది అమ్మితే ద్రోహం."

"బాగుంది మహాతల్లీ. మరి మూల ఖాళీగా పంపిస్తావా? గాలికి కిరాయి కడతావా?"

"మీ అక్కకు ఇంకో రెండు తువ్వాళ్ళు కుక్కుతాను. దానికి మాత్రం సబ్బు ముక్క కూడా లేదు."

అన్నది గాని మాట పూర్తయ్యేసరికే ఆమెకు లెక్క కనబడింది. పెట్టెను ఊళ్ళో తమ పెద్దమ్మ ఇంట్లో విప్పుతారు. చుట్టాలంతా చుట్టూ చేరతారు. పెద్దమ్మ ఒక్కొక్క పొట్లం పైకెత్తి పేరు చదువుతుంది. రెమీ పేరు రాకపోతే ఆ సాయంత్రానికే వీధంతా చెప్పుకుంటుంది. రెమీ పల్లెత్తు మాట అనదు. ఇక ఫోను మాత్రం ఎత్తదు. ఒక ఏడాది ఎత్తదు, రెండేళ్ళు ఎత్తదు. పూరింగ్‌కు ఆ సంగతి ఖాయంగా తెలుసు. తనైనా ఎత్తదు మరి. తోడబుట్టింది ఒక్కతే. మూడు సీసాల లోషనుకు ఆ ఒక్కదాన్నీ వదులుకోవడం ఏ చిట్టాలోనూ లాభం కాదు. అలాగని అడగకుండా ఊరుకోవడం కూడా ఆమె వల్ల కాదు.

టైము రెండు దాటింది. అక్కడ తెల్లవారుజాము మూడు. కొట్టు తెరిచే వేళ. పూరింగ్ ట్రాలీని పక్కకు నెట్టించి, బియ్యం మూటల గుట్టకు ఆనుకుని ఫోను తీసింది. తెరమీద బల్బు కింద రెమీ ముఖం కనిపించింది. వెనక ఎవరో గంపలు దించుతున్నారు.

"అక్కా! ఈ వేళప్పుడు ఏంటి? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. నా లోషను ఎంతకు పోయింది?"

"డెల్ఫా చేరిందన్నమాట. దాని నోట్లో నువ్వుగింజ నానదు."

"మాట మార్చకు. ఎంతకమ్మావు?"

"నూట ఇరవైకి."

"నూట ఇరవై పెసోలా!" పూరింగ్ కేకకు బియ్యం మూట ఎత్తుకుంటున్న పెద్దాయన మూటను మళ్ళీ దించాడు. "ఒక్కో సీసా ఇక్కడ నాకే మూడొందలు పడింది! సిగ్గులేదుటే?"

"దేనికక్కా? అమ్మినందుకా, తక్కువకమ్మినందుకా?"

ఎల్మర్ అటు తిరిగి టోపీతో ముఖం కప్పుకున్నాడు. అతని భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"రెండిటికీ!" అంది పూరింగ్.

"అయితే విను. ఆరేళ్ళ నుంచి గులాబీ లోషను పంపుతున్నావు. ఎవరికి? ఎండుచేపలు అమ్మేదానికి. మొదటి ఏడు రాసుకున్నాను. నా చేతి వాసనా దాని వాసనా కలిసేసరికి సంతలో పిల్లులు కూడా నా దగ్గరికి రావడం మానేశాయి."

"వద్దని చెప్పొచ్చు కదా?"

"పెట్టె విప్పేదాకా అందులో ఏముందో నాకేం తెలుసు? విప్పాక వద్దంటే మర్యాదా? కావాల్సిందేంటో నువ్వు అడిగావా ఎప్పుడైనా?"

పూరింగ్ ఎప్పుడూ అడగలేదు. ఆరు పెట్టెలు పంపింది, ఆరుసార్లూ అడగలేదు. కొట్లో ఉన్న పదిహేడేళ్ళలో గిరాకీని ఏం కావాలని అడగకుండా ఒక్క చేప తూచి ఎరగదు. చెల్లెలి దగ్గరికొచ్చేసరికి, తనకు చవగ్గా దొరికిందే దానికి కావాల్సిందని తీర్మానించేసింది. అలా సరుకు దించే వర్తకుణ్ణి తనైతే కొట్టు మెట్టెక్కనివ్వదు.

"సరే, ఇప్పుడడుగుతున్నాను. ఏం కావాలి?"

"ఏమొద్దులే అక్కా."

"బేరం పెట్టకు. ఇక్కడ జనం కుమ్మేస్తున్నారు. చెప్పు."

"రబ్బరు బూట్లు" అంది రెమీ. "మోకాలిదాకా వచ్చేవి. ఇక్కడ దొరికేవి రెండు నెలలకే మడమ దగ్గర చీలిపోతున్నాయి. పొద్దస్తమానం ఉప్పునీళ్ళే కదా కాళ్ళ కింద." ఫోను కిందికి తిప్పింది. ఆమె చీలిన బూట్లకు లోపలి నుంచి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని ఉంది. సంచుల మీద అక్షరాలు పూరింగ్ చదవగలిగింది. అవి తను ఏటా సబ్బులు చుట్టి పంపే గోదాం సంచులే.

"పాదం కొలతెంత?"

"అంకె అరిగిపోయింది. ఉండు." రెమీ గంపలోంచి ఒక చేప తీసి అరికాలి పక్కన పెట్టింది. "రెండో రకం. సరిగ్గా."

"రెండో రకమంటే నా కాలపు రెండో రకమా, నీ రెండో రకమా? నేను వచ్చేశాక నువ్వు సైజులు కుదించి ఉంటావు."

"దేవుడి తోడు, నీ కాలందే."

"తలతోనా, తల తీసేసా?"

"తలతోనే."

బూట్లు గోదాం నడిమధ్యన గుట్టగా పోసి ఉన్నాయి. తొడిగి చూసుకోవడానికి అక్కడ పీట ఉండదు, గది ఉండదు. పూరింగ్‌కు పీటతో పనేముంది? తలతో రెండో రకమంటే జానెడు మీద మూడు వేళ్ళు. ఈ దేశం వచ్చాక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి ఉతికి వేళ్ళు మొరటుదేరాయి గాని ఆ కొలత మాత్రం చేతినుంచి పోలేదు. నేలమీద చతికిలబడి ఒక్కో బూటూ తిరగేసి, అడుగుమీద జాన వేసి, మూడు వేళ్ళు ఆనించింది. మొదటిది పొట్టి. రెండోది పడవ. పక్కన బూట్లు వెతుక్కుంటున్న ఒక తెల్లజుట్టు దొరసాని వింతగా చూసి, ఏ సైజు కావాలమ్మా అని అడిగింది.

"చేప సైజండీ" అన్నాడు ఎల్మర్.

మూడోదానికి వేళ్ళు అంచు తప్పకుండా కూర్చున్నాయి. ఎనిమిదో నంబరు. పూరింగ్ దాన్ని తెరముందు పెట్టింది. "ఇదిగో. దీన్నిగానీ బల్లమీద పెట్టావంటే..."

"అమ్మను అక్కా, ఒట్టు." రెమీ పక్క కొట్టువైపు చూసింది. "కాకపోతే పక్క కొట్టు కారిదాద్ చూసిందంటే ఊరుకోదు. వెయ్యి ఇస్తానంటుంది. అదీ నాలానే సంచులు కట్టుకుంటోంది."

పూరింగ్ బూటు మీద అంటించిన ధర చూసింది. ఇరవై డాలర్లు, అంటే ఎనిమిది వందల చిల్లర. బూటు కడుపంతా బోలు. అందులో కాఫీ పొట్లాలు కుక్కవచ్చు, కాఫీ ఎలాగూ పంపేదే. అంటే బూటుకు కిరాయి అంటదు.

"నీ జత ముట్టుకోకు" అంది. "దానికి వేరే జత పంపుతాను. పన్నెండు వందలు చెప్పు. పదకొండుకు దిగు. అంతకు ఒక్క పెసో తగ్గినా నా పరువు తీసినట్టే. నూట ఇరవైకి కట్టబెట్టే అలవాటు ఇంతటితో మానుకో. లాభంలో సగం నీది."

"సగమేనా? కాళ్ళు నానేది నావి!"

"సరే, ముప్పాతిక. పెట్టు ఫోను."

ఎల్మర్ ట్రాలీ తోసుకొచ్చాడు. డబ్బులు కట్టే చోట వరస కొండవీటి చేంతాడంత ఉంది. "రెండు జతలు. అయిపోయినట్టేనా? వ్యాను ఆరింటికి, మూల ఒక్కటే ఉంది, గుర్తుందా?"

పూరింగ్ రెండు జతలూ ట్రాలీలో పెట్టి గుట్టవైపు చూసింది. ఇంకా చాలా ఉన్నాయి.

"ఖాళీ పెట్టె ఇంట్లో ఇంకోటి ఉందిగా?" అంది, మళ్ళీ ఫోను తీస్తూ. "ఉండు, సంతలో రెమీ వరసలో ఇప్పుడు ఎన్ని చేపల కొట్లున్నాయో అడగడం మరిచిపోయాను."