ఎలపట, దాపట

శింగనమల చెరువు నిండిన ఏడు ఆట ఉండదు, ఎండిన ఏడు పంట ఉండదు. ఎండిన ఏళ్లే ఎక్కువ కాబట్టి ఆ చుట్టుపక్కల పల్లెల్లో వరి పండకపోయినా హాకీ మాత్రం బాగా పండింది. మిషన్ బడి ఫాదిరి ఎక్కడినుంచో పాత హాకీ కర్రలు తెప్పించి, గట్టిపడిన చెరువు మట్టిలో పిల్లలచేత ఆడించేవాడు. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అని పెద్దలు ఎగతాళి చేసేవాళ్లు. ఎగతాళి చేసినవాళ్లే సాయంత్రమైతే కట్ట మీద చేరి, ఎవరు గెలుస్తారని వాదులాడుకునేవాళ్లు.

యేసన్న ఆ బడి పిల్లవాడు. కుళ్ళాయప్ప బడి గడప తొక్కినవాడు కాదు, అదే చెరువులో మేకలు మేపేవాడు. ఒకనాడు మేకల మీదికి దూసుకొచ్చిన బంతిని చేతికర్రతో అలవోకగా ఆపేశాడు. అది చూసిన ఫాదిరి వాణ్ణి తీసుకుపోయి గోలు ముందు నిలబెట్టాడు. అప్పటినుంచి ముందు యేసన్న, వెనక కుళ్ళాయప్ప. ఇద్దరినీ దాటి బంతి పోవడమంటే మాటలు కాదు.

యాభై ఆరులో రైల్వే జట్టువాళ్లు ఇద్దరినీ గుంతకల్లుకు పిలిపించుకున్నారు. పేరుకు ఖలాసీలు, చేసే పని హాకీ. మద్రాసు, హుబ్బళ్లి, సికిందరాబాదు ఎక్కడ కప్పు ఉంటే అక్కడికి రైలెక్కేవాళ్లు. పత్రికలో కుళ్ళాయప్ప బొమ్మ కూడా పడింది. కానీ కొలువు మాత్రం టెంపరవరీ. ఆడినంతకాలం అన్నం, ఆట పోతే మళ్లీ మేకలే. ఆ మేకలు కూడా కరువులో ఎప్పుడో అమ్ముడైపోయాయి.

ఇట్లా ఏళ్లు గడిచాయి. సాయంత్రం మైదానం నుంచి ఇంటికి పోయేటప్పుడు కుళ్ళాయప్ప యేసన్న భుజం మీద చెయ్యి వేసి నడిచేవాడు. స్నేహం కాబోలనుకుని యేసన్న మురిసిపోయాడు. ఒకరోజు చెప్పు తెగి యేసన్న వెనకబడ్డాడు. కుళ్ళాయప్ప నేరుగా పోయి, దారిలో విప్పి ఉంచిన ఎద్దులబండి నొగకు గుద్దుకుని పడ్డాడు. అంత పెద్ద బండి! ఇంకా దీపాలు కూడా పెట్టని వేళ.

"ఏమప్పా, తాగినావా?" అన్నాడు యేసన్న లేపుతూ.

కుళ్ళాయప్ప మోకాలు తుడుచుకున్నాడు. "పొద్దు గూకితే నాకేం కనపడదు యేసన్నా. మా నాయనకూ ఇట్లే ఉండె. రేచీకటి. నీకు దండం పెడతా, యాడా అనద్దు" అన్నాడు.

గోలు కాచేవాడికి కన్ను లేకపోతే ఇంకేముంది?

చేయని వైద్యం లేదు. కుళ్ళాయప్ప భార్య తిప్పమ్మ మునగాకు వండింది, అవిసాకు వండింది, చేతిలో నాలుగు దుడ్లు ఆడిన రోజు గొర్రె కార్జం కాల్చి పెట్టింది. యేసన్న తమ మిషన్ డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన చేపనూనె తాగించి చూశాడు. చివరికి, ఇది తిండి లోపం కాదు, వంశంలో ఉన్నది, మందు లేదు అని చెప్పి, యేసన్నను పక్కకు పిలిచి, పోనుపోను పగటి చూపు కూడా తగ్గుతుందన్నాడు. ఆ మాట యేసన్న ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నోరు ఎట్లా వస్తుంది?

అరవై నాలుగులో జట్టు చూసుకునే ఆఫీసరు ఒక మాట ఇచ్చాడు. ఈసారి కప్పు గెలిస్తే టెంపరవరీ వాళ్లందరినీ పర్మనెంటు చేయిస్తానన్నాడు. పర్మనెంటు అయినవాడికి తర్వాత కన్ను పోయినా, కాలు పోయినా, ఏదో కూర్చునే పని ఇచ్చి బతకనిస్తారు. ముందే తెలిస్తే మాత్రం రైల్వే డాక్టరు ఒక్క ముక్క రాసి ఇంటికి పంపిస్తాడు. తిప్పమ్మ ఈ సంగతి విని యేసన్న ఇంటికి వచ్చింది.

"అన్నా, ఈ ఒక్క కప్పు దాటించు. ఆపైన దేవుడు ఎట్ల రాసింటే అట్ల" అంది.

"నేనుండా కదమ్మా" అన్నాడు యేసన్న. అన్నాడే గాని, ఎట్లా దాటించాలో అతనికీ తెలియదు.

ఆట ముగిసేసరికి వెలుగు మందగిస్తుంది కాబట్టి ఇద్దరూ ఒక ఉపాయం పన్నారు. కాడికి కుడివైపు కట్టే ఎద్దు ఎలపటెద్దు, ఎడమవైపుది దాపటెద్దు. సేద్యం ఎరిగినవాడికి ఈ మాటలు ఉగ్గుపాలతో వస్తాయి. బంతి కుడికి వస్తే యేసన్న "ఎలపట!" అని అరవాలి, ఎడమకు వస్తే "దాపట!" అనాలి. ఎదుటి జట్టువాళ్లకు అర్థం కాదు. సొంత జట్టులో ఉన్న ఆంగ్లో ఇండియన్లకూ కాదు. చూసే పల్లె జనం మాత్రం, వీడెవడో ఆట మధ్యలో మడక దున్నుతున్నాడని నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ. ఎలపట, దాపట అనుకుంటూ ఫైనలు దాకా వచ్చేశారు.

ఫైనలు గుంతకల్లులోనే, మద్రాసు జట్టుతో. సాయంత్రం వెలుగుండగానే అయిపోవాలి. కానీ ముఖ్య అతిథి గారికి ఎండ తగ్గాక గాని బయలుదేరబుద్ధి కాలేదు. వచ్చినాయన ఊరకుండక క్రీడల వల్ల కలిగే మేలు గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆయన మాటలు సాగేకొద్దీ పొద్దు దిగుతోంది. యేసన్న సూర్యుడి వంక చూడటం, కుళ్ళాయప్ప వంక చూడటం. కుళ్ళాయప్ప మాత్రం ప్యాడ్లు కట్టుకుని, దండలు వేసే పెద్దమనుషులకు చేతులు జోడించి నవ్వుతున్నాడు.

ఆట సమంగా ముగిసింది. అదనపు సమయం ఆడించాలన్నారు. యేసన్న అంపైరు దగ్గరికి పరిగెత్తి, "వెలుగు పోయిందయ్యా, రేపు పెట్టండి" అని బతిమాలాడు. అంపైరు మైదానం అవతలి కొసన ఉన్న పచ్చ జెండా చూపించి, అది నాకు బాగానే కనబడుతోందే, నీకు కనబడలేదా అన్నాడు. అందరికీ కనబడుతోంది. కనబడనివాడు ఒక్కడే, వాడి పేరు చెప్పడానికి లేదు. కెప్టెను వచ్చి, ఓడిపోతామని భయమా అని యేసన్నను కసిరి తీసుకుపోయాడు.

"యేసన్నా, ఈడే ఉండావా?" అన్నాడు వెనకనుంచి కుళ్ళాయప్ప, మెల్లగా.

"ఈడే ఉండా."

"దూరం పోవద్దప్పా. అరుస్తా ఉండు."

అరిచాడు. గొంతు బొంగురుపోయేలా అరిచాడు. ఎలపట అంటే కుళ్ళాయప్ప కుడికాలు గోడలా దిగేది, దాపట అంటే ఎడమకాలు. రెండుసార్లు బంతి ప్యాడ్లకు తగిలి వెనక్కి పోయింది. జనం కుళ్ళాయప్ప పేరు పట్టి కేకలు వేశారు. ఆ కేకలే కొంప ముంచాయి. మద్రాసు కుర్రాడొకడు మళ్లీ దూసుకొచ్చి కొట్టాడు. యేసన్న "దాపట!" అని అరిచాడు. జనం గోలలో అది వినబడలేదు. కుళ్ళాయప్ప కదల్లేదు. బంతి గీత దాటబోతుంటే యేసన్న ఇంకేం చేస్తాడు? అడ్డంగా పడి కాలితో ఆపేశాడు.

కాలు వాడే హక్కు గోల్‌కీపరుకు ఒక్కడికే. అంపైరు ఈల వేశాడు. పెనాల్టీ.

పెనాల్టీ అంటే గోలు ముందు గోల్‌కీపరు, బంతి దగ్గర కొట్టేవాడు, అంతే. తక్కినవాళ్లందరూ దూరంగా గీత అవతలికి పోవాలి. యేసన్న కదలకపోతే అంపైరు భుజం పట్టి నెట్టాడు, ఇక నోరెత్తితే ఆటలోంచి పంపిస్తానన్నాడు. పోతూ పోతూ యేసన్న వెనక్కి చూశాడు. కుళ్ళాయప్ప నడుం వంచి, చేతులు చాచి, బంతి ఉన్న చోటికి కాక కాస్త పక్కకు తిరిగి నిలబడి ఉన్నాడు. అది చూసి యేసన్నకు ఏడుపొచ్చింది. తన కాలే ఈ పని చేసింది. తను ఊరకుంటే ఆ గోలేదో అందరికీ పడినట్టే పడి ఉండేది.

తమ గోల్‌కీపరుకు ధ్యానం కుదరాలని జనం గప్‌చుప్ అయ్యారు. ఈల పడింది. కుర్రాడు బంతిని కొట్టలేదు, కర్రతో ఎత్తి నెట్టాడు. చప్పుడు లేదు. బంతి కుళ్ళాయప్ప భుజం పక్కగా పోయి వలలో మెత్తగా పడింది. అంపైరు చేత్తో గోలు అని చూపించాడు.

కుళ్ళాయప్ప అలాగే వంగి ఉన్నాడు.

మద్రాసువాళ్లు కర్రలు ఎత్తబోయి, అతన్ని చూసి ఆగిపోయారు. కొట్టిన కుర్రాడు ఏమీ తోచక బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"యేసన్నా, వాన్ని కొట్టమనప్పా. ఎంతసేపు వంగేది, నడుం పోతాండాది" అన్నాడు కుళ్ళాయప్ప. మైదానమంతా విన్నది.

యేసన్న అంపైరును లెక్కచేయకుండా దగ్గరికి పోయాడు. ఎలాంటి అబద్ధమైనా చెప్పగలిగేవాడే, కానీ అంతమంది ముందు ఏ అబద్ధం నిలుస్తుంది? "కొట్టినాడప్పా" అన్నాడు.

"ఎప్పుడు? యాడికి పోయింది?"

"నీ ఎనకాలే ఉండాది."

కుళ్ళాయప్ప నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. ఆఫీసరు, రైల్వే డాక్టరు, ముఖ్య అతిథి చూస్తుండగా మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో వల అడుగున తడుముతూ బంతి కోసం వెతకసాగాడు.