పుట్టుకతోనే అని రాసిన కాగితం

1964 జూలై 27, సోమవారం. పెనుకొండ తాలూకా ఆఫీసులో చెన్నకేశవులు స్కాలర్‌షిప్పు దరఖాస్తు తిప్పి ఇచ్చేసినారు.

దాన్ని అందుకున్నది వాళ్ల నాయన ఓబులేసు. సోమందేపల్లి పక్క ఊళ్లో శనక్కాయలు పండించే రైతు. కాగితాలు చేతిలో పెట్టినప్పుడు అతనికి పని అయిపోయిందనే అనిపించింది. మొక్కి, మడిచి సంచిలో పెట్టుకోబోతాంటే గుమాస్తా రామప్ప ఆపినాడు.

"ఏమప్పా ఓబులేసూ, నీ కొడుకు రెండుసార్లు గుడ్డోడైనాడా?"

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వినారు. ఓబులేసుకు అర్థం కాలేదు. రామప్ప రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పినాడు. హిందూపురం డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టులో పుట్టుకతోనే చూపు లేదని ఉంది. ధర్మవరం హెడ్మాస్టరు ఇచ్చినదాంట్లో పిల్లవాడికి ఏడో ఏటి దాకా చూపుండిందనీ, పలక మీద అక్షరాలు నేర్చినాడనీ, తట్టు పోసినాక చూపు పోయిందనీ ఉంది. ఇట్లా పంపితే పైన చూసేవాళ్లు రెండూ అబద్ధమే అనుకుంటారన్నాడు.

హెడ్మాస్టరు మంచికే రాసినాడు. దరఖాస్తులో ఆ సంగతి ఎవరూ అడగలేదు. పిల్లవాడి తెలివి పైవాళ్లకు తెలియాలని, వాడే ఎప్పుడో చెప్పిన సంగతిని ఆయన కలిపినాడు. అసలు గుడ్డి పిల్లలు కాలేజీలో చదవడానికి కేంద్ర ప్రభుత్వం దుడ్లు ఇస్తుందని కనుక్కున్నదీ, రెండు జాబులు రాసి ఫారం తెప్పించిందీ ఆయనే.

చెన్నకేశవులు ధర్మవరంలో మేనత్త శ్యామలమ్మ ఇంట్లో ఉండి చదివినాడు. మేనత్త కొడుకు గంగాధరదీ అదే తరగతి. గంగాధర పాఠం పైకి చదివేవాడు, చెన్నకేశవులు విని పట్టుకునేవాడు. పరీక్షలో చెన్నకేశవులు చెబుతాంటే కింది తరగతి పిల్లోడు రాసినాడు. ఇద్దరూ పాసైనారు. చెన్నకేశవులుకు మార్కులు ఎక్కువొచ్చినాయి. పాసైన నెలకే గంగాధర మగ్గం గుంతలో కూర్చున్నాడు.

అనంతపురం కాలేజీలో సీటు ఇస్తామన్నారు. చదివిపెట్టే మనిషిని మాత్రం ఆగస్టు పదో తేదీలోగా మీరే చూపించుకోవాలన్నారు. ఆ మనిషికి జీతం ఇచ్చే శక్తి ఓబులేసుకు లేదు. స్కాలర్‌షిప్పులో ఆ జీతం కూడా కలిసి ఉంది. అది మంజూరైతే చదువు, లేకుంటే లేదు.

డాక్టరు రాసింది డాక్టరు తప్పు కాదు. జూలై మొదట్లో హిందూపురం ఆసుపత్రికి కొడుకును తీసుకుపోయింది ఓబులేసే. డాక్టరు రెప్పలెత్తి, రెండు కళ్లలోని తెల్లటి పువ్వులు చూసి, ఎప్పుడు పోయినాయని అడిగినాడు.

"పుట్టుకతోనే సామీ," అన్నాడు ఓబులేసు.

డాక్టరు మళ్లీ అడిగినాడు. జ్వరమేమైనా వచ్చిందా, ఒంటిమీద ఏమైనా పోసిందా అన్నాడు. ఓబులేసు ఏమీ లేదన్నాడు. బయట వరండాలో జనం గుంపుగా ఉన్నారు. డాక్టరు రాసి సంతకం చేసినాడు.

రైల్వే స్టేషనుకు నడుస్తాంటే చెన్నకేశవులు మెల్లగా అన్నాడు. "నాయనా, పలక మీద రాసింది నాకు గుర్తుండాది."

"గుర్తుంటే ఉండనీ. ఆస్పత్రిలో చెప్పే మాటా అది?"

ఆ ఇంట్లో అది చెప్పే మాట కాదు. తట్టు పోసిన ఏడు వాళ్ల వీధిలో ఇద్దరు పిల్లలు పోయినారు. చెన్నకేశవులు బతికినాడు. ఓబులేసు తల్లి సిద్ధమ్మ గుమ్మానికి వేపాకు కట్టింది, మందు తేనియ్యలేదు, మారెమ్మకు పెరుగన్నం పెట్టి సాగనంపింది. ఆ తర్వాత పిల్లవాడికి కళ్లు కనబడడం లేదని తెలిసింది. అమ్మ బిడ్డ పానం ఇచ్చిపోయింది, కండ్ల లెక్క అడగొద్దు అని సిద్ధమ్మ ఇంటిల్లిపాదికీ చెప్పింది. సాగనంపిన అమ్మ మీద పరాయివాళ్ల ముందు, అందులోనూ డాక్టరు ముందు చాడీ చెబితే మళ్లీ ఇంటికి వస్తుందని ఆమె భయం. ఆ భయమే ఓబులేసుదీ. ఊళ్లో ఎవరూ అడగలేదు కాబట్టి ఇన్నేండ్లూ అబద్ధం ఆడే అవసరం రాలేదు.

ఆ సోమవారం ఓబులేసు రామప్పకు ఇదంతా చెప్పలేదు. డాక్టరు పొరపాటున రాసినాడన్నాడు. అయితే ఆయనతోనే దిద్దించుకోని రా అన్నాడు రామప్ప.

మర్నాడు తండ్రీకొడుకులు హిందూపురం పోయినారు. ఆ డాక్టరు లేడు. కోస్తాకు బదిలీ అయినాడు. కొత్తాయన కాగితం చూసి, ఇంకొకరి సంతకం మీద తాను దిద్దకూడదన్నాడు. శుక్రవారం కండ్ల డాక్టరు వస్తాడు, కొత్తగా పరీక్ష చేయించుకోమన్నాడు.

శుక్రవారం మళ్లీ పోయినారు. వరుసలో వాళ్ల వెనక ఒక ముసలామె, చంకలో బిడ్డతో ఒక తల్లి ఉన్నారు. కండ్ల డాక్టరు అదే ప్రశ్న అడిగినాడు. ఓబులేసు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. చంకబిడ్డ తల్లిని కొంచెం దూరం పొమ్మన్నాడు. ఆమె ఎందుకనింది. ఆమె జరిగేదాకా ఆగి అతను డాక్టరు వైపు తిరిగినాడు.

"ఏడో ఏట అమ్మవారు పోసింది సామీ. అప్పుడే పోయినాయి."

"తట్టా?"

"అదే సామీ."

డాక్టరు రాసుకున్నాడు. ముందెవరికైనా చూపించినారా అన్నాడు. ఓబులేసు చూపించలేదన్నాడు.

ఇంటికొచ్చినాక సిద్ధమ్మ ఏమడిగినారని అడిగింది. అడిగినదానికి చెప్పినానన్నాడు.  మంగళవారం పొద్దున ఓబులేసు లేచేసరికి గుమ్మానికి వేపాకు కట్టి ఉంది. పెరుగన్నం ముంత పట్టుకుని సిద్ధమ్మ ఊరి బయటికి పోతాంది.

ఆ రోజే పెనుకొండలో రామప్ప కొత్త సర్టిఫికెట్టు చదివినాడు. చదివి బల్ల మీద పెట్టినాడు. మొదటి కాగితం ఎప్పుడో రిజిస్టరులో ఎక్కించినామనీ, దాన్ని తీసి దీన్ని పెట్టడానికి తనకు అధికారం లేదనీ చెప్పినాడు. రెండూ పోవాల్సిందే. ఒకే ఆసుపత్రి, ఒకే పిల్లవాడు, నెలలోపల రెండు మాటలు.

"మొదటాయన జాబు రాసిస్తే తీరిపోతాది," అన్నాడు రామప్ప.

"ఆయన యాడుండాడో నాకెట్ల తెలుస్తాది?"

రామప్పకూ తెలీదు. ఈసారి అతను నవ్వలేదు. ఓబులేసును బెంచీ మీద కూర్చోమన్నాడు.

"నిజం చెప్పు. మొదట్లోనే ఎందుకు చెప్పలేదు?"

ఓబులేసు చెప్పినాడు. రామప్ప విన్నాడు. తమ ఇంట్లోనూ ఆ పేరు పైకి తీయరన్నాడు. ఈ సంగతి కాగితం మీద ఎట్లా రాయాలో తోచడం లేదన్నాడు. చివరికి తండ్రి చదువుకోనివాడు, డాక్టరు అడిగినది తెలియక తప్పు చెప్పినాడు అని ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి, దాని కింద ఓబులేసు వేలిముద్ర వేయించినాడు. ఏం రాసినావప్పా అని ఓబులేసు అడిగినాడు. నీకు తెలియలేదని రాసినా అన్నాడు రామప్ప.

"నాకు తెలుసు గదా."

"తెలుసని రాస్తే నీ కొడుక్కు రాదు."

దరఖాస్తు ఆ సాయంత్రం టపాలో అనంతపురం పోయింది.

వారం చివర్లో ఓబులేసు రామప్పను కలిసినాడు. జవాబు రాలేదు. ధర్మవరం పోయినాడు. హెడ్మాస్టరు కాలేజీకి గడువు పెంచమని తంతి కొట్టినాడు. ఏడో ఏటి సంగతి తాను రాయకుండా ఉండాల్సింది అని ఆయన రెండుసార్లు అన్నాడు. చదివిపెట్టడానికి అనంతపురం తాను పోతానన్నాడు గంగాధర. శ్యామలమ్మ మగ్గం ఎవరు నేస్తారు అనింది. గంగాధర పోయి మళ్లీ మగ్గం గుంతలో కూర్చున్నాడు.

ఆగస్టు 13న కాలేజీ నుంచి కార్డు వచ్చింది. సీటు ఇంకొకరికి ఇచ్చినారు. కార్డును పోస్టుమ్యాన్ చదివినాడు. చెన్నకేశవులు విన్నాడు.

అనంతపురం నుంచి పెనుకొండకు జవాబు సెప్టెంబరులో వచ్చింది. సర్టిఫికెట్ల మధ్య తేడాకు మొదటి డాక్టరు వివరణ జతచేసి పంపాలని అందులో ఉంది.